మామ్మ వేలిముద్ర పడట్లేదు, బాబాయి వేలిముద్రతో డబ్బు పోయింది: ఆధార్ లాక్ చేయాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. మీరు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నారు, ఇల్లు అంబాజీపేట దగ్గర పల్లెటూరు. మామ్మగారికి 72 ఏళ్ళు. ఊహ తెలిసినప్పటి నుంచీ కొబ్బరి పీచు పని చేసిన చేతులు. రెండు నెలలుగా రేషన్ షాపులో ముద్ర పడట్లేదని ఆవిణ్ణి వెనక్కి పంపుతున్నారు. అదే ఇంట్లో బాబాయిగారు మొన్న శుక్రవారం సాయంత్రం కొబ్బరికాయల దింపు చేయిస్తూ తోటలో ఉండగానే, ఎక్కడో ఆధార్ వేలిముద్రతో ఆయన ఖాతాలోంచి 10,000 రూపాయలు తీసేశారు. "ఇంటిల్లిపాదికీ బయోమెట్రిక్ లాక్ చేసేయమంటారా? చేస్తే మామ్మ పెన్షన్ ఆగిపోతుందా?" అని ఆదివారం రాత్రి అడిగారు.

నేను రాజోలు వైపు ఒక ఊళ్ళో 11 ఏళ్ళుగా బ్యాంకు మిత్రగా, అంటే ఊళ్ళో బ్యాంకు తరఫున డబ్బులిచ్చే ఏజెంటుగా పని చేస్తున్నాను. పక్కనే చిన్న నెట్ సెంటరు కూడా ఉంది. రోజూ నా స్కానరు మీద ఎన్నో చేతులు పడతాయి. కాబట్టి విన్నది కాకుండా చూసిందే రాస్తున్నాను.

ముగ్గురికీ ఒకే మందు పనికిరాదు. మీరు ఈ రాత్రికే, మీ ఆధార్ వేలిముద్ర ఎక్కడా పనిచేయకుండా, లాక్ చేసుకోండి. బాబాయిగారు ముందు ఫిర్యాదు చేసి, వెంటనే లాక్ చేసుకోవాలి. మామ్మగారికి మాత్రం లాక్ చేయొద్దు. ఆవిడ డబ్బు దాచుకున్న ఖాతాకి ఆధార్ విత్‌డ్రాయల్ ఆపించమని బ్యాంకులో కాగితం పెట్టండి.

బాబాయిగారి సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే అక్కడ గడియారం తిరుగుతోంది.

ఆధార్ విత్‌డ్రాయల్‌కి ఏటీఎం కార్డు అక్కర్లేదు, పిన్ అక్కర్లేదు, ఓటీపీ రాదు. బ్యాంకు పేరు, ఆధార్ నంబరు, వేలిముద్ర ఉంటే చాలు. ఒక్కసారికి గరిష్ఠంగా 10,000 వస్తుంది. మీవాళ్ళకి పోయింది సరిగ్గా అంతే అంటే, తీసినవాడికి ఆ హద్దు బాగా తెలుసన్నమాట. రేపు మళ్ళీ రావచ్చు. అందుకే ఇప్పుడే 1930కి ఫోన్ చేయించండి. సైబర్ నేరాల ఫిర్యాదు నంబరు అది. వాళ్ళిచ్చే ఫిర్యాదు నంబరు కాగితం మీద రాసుకోండి. తెల్లారగానే బాబాయిగారు స్వయంగా బ్రాంచికి వెళ్ళి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. రెండో ప్రతి మీద తేదీ, స్టాంపు, సంతకం వేయించుకోవాలి. నోటిమాటగా "చెప్పాం కదండీ" అంటే ఆ తర్వాత ఎవరూ ఒప్పుకోరు.

ఇంత తొందర ఎందుకంటే, రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన ఆదేశం ఒకటుంది. ఖాతాదారు తప్పు గానీ బ్యాంకు తప్పు గానీ లేకుండా మూడోవాడు డబ్బు కాజేసినప్పుడు, మూడు పనిదినాల్లోపు బ్యాంకుకి చెప్తే ఖాతాదారు మీద పైసా భారం పడకూడదు. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య చెప్తే కొంత భారం పడుతుంది. ఏడు దాటితే బ్యాంకు తన విధానం ప్రకారం చూసుకుంటుంది. డబ్బు పోయినట్టు బ్యాంకు మెసేజ్ వచ్చిన రోజుని లెక్కలోకి తీసుకోరు. మీకు శుక్రవారం వచ్చింది కాబట్టి శనివారం ఒకటి, సోమవారం రెండు, మంగళవారం మూడు. ఆ శనివారం రెండోదో నాలుగోదో అయితే ఇంకో రోజు కలిసొస్తుంది గానీ, దాని మీద ఆశ పెట్టుకోకండి. ఫిర్యాదు అందిన పది పనిదినాల్లో ఆ సొమ్ముని తాత్కాలికంగానైనా ఖాతాలో వేయాలి, 90 రోజుల్లో తేల్చేయాలి.

బ్రాంచిలో మీకు కచ్చితంగా వినబడే మాట ఒకటుంది: "ముద్ర మ్యాచ్ అయింది కదండీ, మీరే తీసుకుని ఉంటారు." అక్కడ తగ్గొద్దు. తప్పు ఖాతాదారుదే అని నిరూపించాల్సిన బాధ్యత బ్యాంకుదేనని అదే ఆదేశంలో రాసి ఉంది. ముద్ర కలిసిందంటే ఆ ముద్ర ఆకారం కలిసిందని మాత్రమే అర్థం. ఆ వేలు వెనక మనిషి ఉన్నాడా లేదా అన్నది వేరే సంగతి. ఏ మెషీను మీద, ఏ ఊళ్ళో, ఏ ఏజెంటు దగ్గర లావాదేవీ జరిగిందో చెప్పమని రాసివ్వండి. ఆ సమయానికి బాబాయిగారు తోటలో ఉన్నట్టు దింపు కార్మికులు సాక్ష్యం చెప్తారు కదా, అది కూడా ఫిర్యాదులో రాయండి. 30 రోజుల్లో బ్యాంకు జవాబు ఇవ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి వెళ్ళొచ్చు. దానికి రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. 14448కి ఫోన్ చేస్తే దారి చెప్తారు.

ఆయన ముద్ర బయటికి ఎలా వెళ్ళిందో మీరు అడగలేదు గానీ, అడగాల్సిన మాటే. ఈమధ్య ఎప్పుడైనా తోట కొన్నారా, అమ్మారా, గిఫ్టు రాశారా? రిజిస్ట్రేషన్ కాగితాల మీద వేలిముద్రలుంటాయి, చాలాసార్లు ఆధార్ నంబరు కూడా ఉంటుంది. 2018లో తెలంగాణలో పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి ఇదే పని చేసి దొరికాడు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటు నుంచి దస్తావేజులు దించుకుని, వాటి మీది ముద్రల్ని రబ్బరు స్టాంపులు చేసే మెషీనుతో అచ్చు తీసి, వాటితో వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. టార్గెట్ల కోసం చేశాడు. అదే కిటుకుని ఆ తర్వాత ఎంతోమంది డబ్బు తీయడానికి వాడారు. 2023 ఫిబ్రవరిలో ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ, వేలు నిజమైనదా, అచ్చు పోసినదా అని పట్టుకునే కొత్త పరీక్ష పెట్టింది. ఏజెంట్లని నియమించుకునేటప్పుడు బ్యాంకులు చేయాల్సిన తనిఖీల మీద రిజర్వు బ్యాంకు 2025 జూన్‌లో కొత్త నిబంధనలిచ్చింది, 2026 జనవరి నుంచి అవి అమలు. మంచివే. కానీ పోయిన ముద్ర వెనక్కి రాదు. పాస్‌వర్డు పోతే మార్చుకుంటాం, తాళంచెవి పోతే తాళం మారుస్తాం, బొటనవేలు పోతే ఏం మారుస్తాం?

ఇక లాక్ సంగతి. యూఐడీఏఐ వెబ్‌సైటులో గానీ ఆధార్ యాప్‌లో గానీ ఓటీపీతో లాగిన్ అయ్యి బయోమెట్రిక్ లాక్ నొక్కడమే, రెండు నిమిషాల పని. ఆధార్‌కి మీ ఫోన్ నంబరు కలిసి ఉండాలి. లాక్ అయ్యాక ఎవరైనా మీ ముద్ర పెడితే మెషీను మీద 330 అని ఎర్రర్ కోడ్ వస్తుంది. మీకు ఎప్పుడైనా అవసరం పడితే కాసేపు అన్‌లాక్ చేసుకోవచ్చు, కొంతసేపటికి మళ్ళీ అదే లాక్ అయిపోతుంది. ఓటీపీతో జరిగే పనులకి అడ్డేమీ లేదు. (యాప్‌లో ఆధార్ నంబరునే లాక్ చేసే ఇంకో ఆప్షన్ ఉంటుంది, అది వేరు. దాన్ని వాడితే 16 అంకెల వర్చువల్ ఐడీ దగ్గర పెట్టుకోవాలి. మీకిప్పుడు దాని అవసరం లేదు.) అదే యాప్‌లో మీ ఆధార్‌ని గత ఆరు నెలల్లో ఎవరెక్కడ వాడారో చరిత్ర కూడా కనిపిస్తుంది. బాబాయిగారిది ఇవాళే తీసి చూడండి. మీకు తెలియని వరస ఏదైనా ఉంటే స్క్రీన్‌షాటు తీసి ఫిర్యాదుకి జత చేయండి.

మామ్మగారికి ఎందుకు వద్దన్నానంటే, ఆ లాక్ వేలుతో ఆగదు. వేలిముద్ర, కనుపాప, ముఖం మూడూ ఒకేసారి మూసుకుపోతాయి. ఒకటో తారీకున సచివాలయం నుంచి పెన్షన్ 4,000 పట్టుకొచ్చే అమ్మాయి మెషీను పెడుతుంది, 330 వస్తుంది. మామ్మగారికి ఓటీపీ చూడటం రాదు, మీరు ఆఫీసు మీటింగులో ఉంటారు, ఫోన్ ఎత్తరు. ఆ అమ్మాయి వెళ్ళిపోతుంది. గత ఏడాది మా వీధిలో సరిగ్గా ఇదే జరిగింది. దుబాయ్‌లో ఉన్న మనవడు జాగ్రత్త కొద్దీ అందరివీ లాక్ చేశాడు. మంచం మీదున్న తాతగారికి ఆ నెల పెన్షన్ కోసం సచివాలయం వాళ్ళు నాలుగుసార్లు తిరిగారు. లాక్ అని ఎవరికీ తట్టలేదు. చివరికి స్క్రీన్ మీద కోడ్ చూసి నేను దుబాయ్‌కి ఫోన్ చేశాను.

మామ్మగారి పెన్షన్ చేతికే వస్తుంది కాబట్టి ఆవిడకి ఆధార్‌తో బ్యాంకులో డబ్బు తీసే అవసరమే లేదు. అందుకే ఆ దారి మూయించమన్నాను. చాలా బ్యాంకులు ఖాతాదారు రాసిస్తే ఆధార్ విత్‌డ్రాయల్ (బ్యాంకు భాషలో ఏఈపీఎస్) ఆపేస్తాయి. "నా ఖాతాలో ఏఈపీఎస్ ద్వారా డబ్బు తీసే సదుపాయం నాకు అవసరం లేదు, ఆపగలరు" అని నాలుగు ముక్కలు రాసి సంతకమో నిశానీయో వేయిస్తే చాలు. ఈ కాగితానికి కూడా స్టాంపు మర్చిపోవద్దు.

ఇప్పుడు అసలు కథకి, ఆ చేతుల దగ్గరికి వద్దాం.

స్కానరు వేలు మొత్తాన్ని ఫొటో తీసి పోల్చదు. వేలి మీది గీతలు ఎక్కడ ఆగిపోతున్నాయో, ఎక్కడ రెండుగా చీలుతున్నాయో ఆ చుక్కల్ని పట్టుకుని పోలుస్తుంది. గీత అరిగితే చుక్క పోతుంది. కోనసీమలో గీత అరగని పని ఏముంది చెప్పండి? నానిన డొక్కలు కొట్టి పీచు తీసి తాడు పేనేవాళ్ళకి బొటనవేలు, చూపుడువేలు అద్దంలా నునుపెక్కిపోతాయి, ఎందుకంటే పీచు తిరిగేది ఆ రెండు వేళ్ళ మధ్యే. కాయలు వలిచేవాళ్ళకి అరచేతినిండా కాయలు కాచి వేళ్ళు పగులుతాయి. రొయ్యల ప్లాంట్లలో తలలు తీసే ఆడవాళ్ళు పొద్దస్తమానం ఐసు నీళ్ళలో చేతులు పెట్టుకుని ఉంటారు. షిఫ్టు దిగి నేరుగా నా దగ్గరికి వస్తే వేళ్ళ కొసలు నానబెట్టిన సెనగల్లా ముడతలు పడి ఉంటాయి. అప్పుడు ఒక్క ముద్రా పడదు. అదే మనిషి మర్నాడు పొద్దున్న వస్తే పడుతుంది. ఇటుక బట్టీల్లో చేసేవాళ్ళవీ, గోడలకి సున్నం వేసేవాళ్ళవీ మరీ అన్యాయంగా పోతాయి.

ఒకావిడ గురించి చెప్తాను. అరవై దాటిన మనిషి, భర్త లేడు, పీచు షెడ్డులో పని. మా ఊరి షాపులో ముద్ర పడట్లేదని నా దగ్గరికి పంపారు. కుడి బొటనవేలు పెట్టింది, పడలేదు. చూపుడువేలు, పడలేదు. "ఆయ్, ఇది నా చెయ్యి కాదంటందా బాబూ ఇది?" అని అడిగింది. ఆ మాటకి నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. చేతులు సబ్బుతో కడిగించాను, తువ్వాలుతో పొడిగా తుడిపించాను. స్కానరు అద్దం మీద ముందువాళ్ళ జిడ్డుంటే మెత్తటి గుడ్డతో తుడిచాను. ఎండ పడకుండా స్కానరుని లోపలికి జరిపాను. ఎండ నేరుగా పడితే ఈ చిన్న స్కానర్లు తడబడతాయి. ఆవిడ వేళ్ళు బాగా పొడిబారి ఉన్నాయి. నుదుటి మీద ఒకసారి రుద్దుకోమన్నాను, ఆ పాటి చెమ్మ చాలు. నూనె రాస్తే గీతల మధ్య నిండిపోయి ఇంకా పాడవుతుంది. అప్పుడు ఎడమచేతి ఉంగరపు వేలు పెట్టించాను. కొంచెం గట్టిగా, కానీ వంకర లేకుండా, కొసతో కాకుండా గోరు కిందున్న మెత్తటి భాగంతో. పచ్చలైటు వెలిగింది. తాడు పేనడంలో ఆ వేలికి పని తక్కువ, అందుకే గీత మిగిలింది. ఒక అట్టముక్క మీద "ఎడమ ఉంగరం వేలు" అని రాసి, వేలు బొమ్మ గీసి ఇచ్చాను. ఆవిడ ఇప్పటికీ ఆ అట్ట రేషన్ కార్డు కవరులో పెట్టుకుని తిరుగుతోంది.

మామ్మగారికి కూడా పది వేళ్ళూ చూడాల్సిందే, ఒక్క బొటనవేలితో తేల్చేయకూడదు. ఏ వేలూ పడకపోతే ఆధార్ కేంద్రానికి తీసుకెళ్ళి బయోమెట్రిక్ అప్‌డేట్ చేయించండి, 125 రూపాయలు తీసుకుంటారు. అప్‌డేట్‌కి ముందు పది రోజులపాటు పీచు పని మాన్పించండి. రోజూ రాత్రి చేతులకి కొబ్బరినూనె రాసి, పొద్దున్నే కడిగేయమనండి. చర్మం కాస్త కోలుకున్నాక తీసిన ముద్ర చాలాకాలం పనికొస్తుంది. అరిగిన చేతులతో వెళ్ళి అప్‌డేట్ చేయిస్తే, ఉన్న పాత మంచి ముద్ర పోయి కొత్త పాడు ముద్ర రికార్డులోకి ఎక్కే ప్రమాదం ఉంది. ఈ మాట కేంద్రాల్లో ఎవరూ చెప్పరు. అదే కూర్చున్నప్పుడు ఆవిడ ఆధార్‌కి ఇంట్లో ఉండేవాళ్ళ ఫోన్ నంబరు కలిపించండి. హైదరాబాదులో ఉన్న మీ నంబరు వద్దు. ఆవిడ కదల్లేకపోతే, ఫోన్ నంబరు మార్చే పని మాత్రం పోస్ట్‌మ్యాన్ ఇంటికొచ్చి చేసిపెడతాడు.

ఇవన్నీ చేసినా ముద్ర పడకపోవచ్చు. అప్పుడు? ఇక్కడే మీకు గట్టిగా చెప్పదలచుకున్నాను: ముద్ర పడకపోవడం బియ్యం ఇవ్వకపోవడానికి కారణం కాదు. 2017 అక్టోబరు 24న యూఐడీఏఐ అన్ని రాష్ట్రాలకీ ఒక సర్క్యులర్ పంపింది. వేలు పడకపోతే కనుపాప, అదీ కుదరకపోతే ఓటీపీ, ఏదీ కుదరకపోతే ఆధార్ కార్డు చూసి, రిజిస్టరులో రాసుకుని, సరుకు ఇవ్వాలని అందులో ఉంది. మన రాష్ట్రంలో రేషన్ షాపుల్లోకి ఈపోస్ మెషీను వచ్చినప్పటి నుంచే రెండు వేళ్ళు కలిపి పోల్చే ఫ్యూజన్ ఫింగర్ పద్ధతి, వీఆర్వో తన ముద్ర వేసి సరుకు ఇప్పించే పద్ధతి ఉన్నాయి. ఇంత ముందుచూపు ఊరికే రాలేదు. ఆధార్ వేలిముద్రతో రేషన్ ఇచ్చే ప్రయోగం 2012లో మన తూర్పు గోదావరి జిల్లాలోనే చేశారు. ఏ వేలు ఎంతవరకు పడుతుందో మన అమ్మలక్కల చేతుల మీద అప్పుడే తేలింది.

డీలరుని పోట్లాడకండి. చాలామంది డీలర్లకి నిజంగా భయం: ముద్ర లేకుండా ఇస్తే స్టాకు తేడా వస్తుందని, పైనుంచి అడుగుతారని. "రిజిస్టరులో రాసి ఇవ్వండి, లేదంటే ఎందుకు ఇవ్వట్లేదో ఈ కాగితం మీద రాసివ్వండి" అని మర్యాదగా అడగండి. రాసివ్వమనగానే సగం సమస్యలు అక్కడికక్కడే తేలిపోవడం నేను చూశాను. తేలకపోతే 1967కి ఫోన్, ఆ తర్వాత వీఆర్వో, తహసీల్దారు. సోమవారం కలెక్టరేటులో అర్జీ పెడితే దానికి నంబరు వస్తుంది. నంబరున్న అర్జీని ఎవరూ కాదనలేరు.

మీరు చివర్లో అడిగారు, ఈ టెక్నాలజీ అసలు మంచిదేనా, మీ ఉద్దేశం ఏంటని. దాచుకోకుండా చెప్తాను.

ఈ వేలిముద్రల కథలో మన దేశానిది పెద్ద పాత్రే. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో హెర్షెల్ అనే ఆంగ్లేయ అధికారి ఒక కాంట్రాక్టరు చేత ఒప్పందం మీద చేతి అచ్చు వేయించుకున్నాడు. రేపు "ఆ సంతకం నాది కాదు" అనకుండా ఉండాలని. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో పెట్టారు. అంటే మొదట్నుంచీ ఇది మనిషి మాటని నమ్మనివాళ్ళ పనిముట్టే. మన ఊళ్ళలో నిశానీ ఎప్పటి నుంచో ఉంది, కానీ నిశానీ పక్కన ఇద్దరు సాక్షులుండేవాళ్ళు. ముద్ర చెదిరిపోయినా "ఈవిడ ఫలానా వాళ్ళ కోడలు, నా ఎదురుగానే వేసింది" అని చెప్పే మనిషి ఉండేవాడు. మెషీను వచ్చాక ఆ సాక్షిని పక్కకి తప్పించాం.

మీ ఇంట్లో జరిగింది చూడండి. బాబాయిగారి ఖాతా దగ్గర మెషీను "అవును, ఇతనే" అంది. అతను కాదు. మామ్మగారి దగ్గర మెషీను "కాదు, ఈవిడ కాదు" అంది. ఆవిడే. ఒకే ఇంట్లో మెషీను రెండు రకాలుగా తప్పు చెప్పింది. రెండుసార్లూ మనుషులు దాన్నే నమ్మారు. షాపులో మామ్మగారిని ఇరవై ఏళ్ళుగా చూస్తున్న మనిషి కూడా ఎదురుగా నిలబడి ఆవిడ కాదన్నట్టే ప్రవర్తించాడు. మెషీను తప్పు చేయడం నన్ను బాధపెట్టదు, ఏ మెషీనైనా చేస్తుంది. 2018లో సుప్రీంకోర్టు ముందు యూఐడీఏఐ ఇచ్చిన లెక్కలోనే ప్రభుత్వ సేవలకి ధ్రువీకరణ 88 శాతం దాకా కుదురుతోందని ఉంది. మిగతా పన్నెండు మంది మాట ఎవరు వింటారన్నదే నా బాధ.

ఆధార్ వద్దని నేననను. బ్యాంకు పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్న లంక గ్రామాల్లో, వరద రోజుల్లో పడవ మీద వెళ్ళి ఇదే మెషీనుతో డబ్బులిచ్చాను. మధ్యవర్తుల చేతివాటం చాలా తగ్గింది, నా కళ్ళతో చూశాను. 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు కూడా పథకాలకి ఆధార్ ఉండొచ్చని ఒప్పుకుంది. ప్రైవేటు కంపెనీలు బలవంతంగా అడగడానికి, బ్యాంకు ఖాతాకీ సిమ్‌కీ తప్పనిసరి చేయడానికి మాత్రం ఒప్పుకోలేదు. అంతకు ముందు ఏడాది, 2017 ఆగస్టు 24న, తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కేనని తేల్చారు. ఆ హక్కు ఢిల్లీలో పెద్ద పెద్ద వకీళ్ళు వాదించుకునేది మాత్రమే అనుకుంటారు మనవాళ్ళు. కాదండీ. జిరాక్స్ షాపులో మీ అమ్మగారి ఆధార్ కాపీ ఒకటి ఎక్కువ తీసి పక్కన పెట్టుకుంటే అది గోప్యత సంగతే. ఆ కాపీ బదులు చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి, చాలాచోట్ల అది సరిపోతుంది.

నా తప్పు కూడా ఒకటి చెప్పాలి. మొదటి ఏడాది ఒక పెద్దాయన మూడు రోజులు వరసగా కాలవ గట్టు వెంట నడుచుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. ముద్ర పడలేదు. మూడు రోజులూ "రేపు రండి తాతా" అన్నాను. నాలుగో రోజు ఆయన రాలేదు. కూతురు వచ్చి, జ్వరంతో పడుకున్నాడని చెప్పింది. ఆయన వేళ్ళు పది చూడాలని నాకప్పుడు తెలియదు. కనీసం ఆయన వచ్చి తిరిగి వెళ్ళినట్టు ఒక పుస్తకంలో రాయాలని కూడా తట్టలేదు. అప్పటి నుంచి నా బల్ల మీద ఒక రిజిస్టరు ఉంటుంది. ముద్ర పడనివాళ్ళ పేరు, తేదీ, ఏ వేళ్ళు ప్రయత్నించాం, ఏ కోడ్ వచ్చింది, అన్నీ రాస్తాను. ఆ పుస్తకం చూపించి ఇద్దరు ముగ్గురికి తహసీల్దారు ఆఫీసులో పని కూడా చేయించాను.

ఇంకొక్క జాగ్రత్త, మా వృత్తివాళ్ళ గురించే కాబట్టి మొహమాటం లేకుండా చెప్తున్నాను. కొందరు "పడలేదు, ఇంకోసారి పెట్టండి" అంటూ రెండోసారి నొక్కించి, రెండుసార్లు డబ్బు తీసి ఒకసారే ఇస్తారు. నిజంగానే ఫెయిలైనా సరే, ప్రతిసారీ స్లిప్పు అడగండి. స్లిప్పు ఇవ్వనివాడి దగ్గర వేలు పెట్టొద్దు. డబ్బు కట్ అయ్యి చేతికి రాకపోతే ఐదు రోజుల్లో వెనక్కి పడాలి, ఆ తర్వాత రోజుకి 100 రూపాయల చొప్పున బ్యాంకు ఇవ్వాలి. ఇది 2019లో రిజర్వు బ్యాంకు పెట్టిన నియమం.

మీరు వచ్చే శనివారం ఊరికి వస్తున్నానన్నారు కదా. పొద్దున్నే, మామ్మగారు పనిలోకి దిగకముందే తీసుకెళ్ళండి. డీలరుని పది వేళ్ళూ చూడనివ్వమని అడగండి, ఒక్కో వేలికి స్క్రీన్ మీద ఏం వచ్చిందో మీరే రాసుకోండి. ఏదైనా వేలు పడితే అట్టముక్క మీద రాసి కార్డు కవరులో పెట్టేయండి. ఏదీ పడకపోతే ఆ కోడ్‌లు ఇక్కడ రాయండి. బాబాయిగారి ఆధార్ చరిత్రలో శుక్రవారం నాటి వరస ఏం చూపిస్తోందో కూడా, ఆధార్ నంబరు కనపడకుండా, రాయండి. చూసి తర్వాత ఏం చేయాలో చెప్తాను. 1930కి ఫోన్ మాత్రం దానికోసం ఆగకూడదు, అది ఇప్పుడే.